క్షమించమనడమే చదువా?

మా తడ పక్కనున్న శ్రీసిటీలో ఇసుజు కార్ఖానా 2016లో మొదలైంది. ఇంకా ఎన్నో జపాన్ కంపెనీలు వచ్చాయి. ఆ భాష వస్తే మెరుగైన పని దొరుకుతుందని నేనూ ఆదివారం క్లాసులో చేరాను. తెలుగులోలాగే అందులోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. దాంతో భయం పోయింది. కానీ మాతో పదే పదే వల్లె వేయించింది 'సుమిమాసేన్', అంటే క్షమించండి. జీతాన్ని 'క్యూర్యో', ఓవర్‌టైమును 'జాంగ్యో' అంటారని నేను అడిగితేగానీ చెప్పలేదు.

2021లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందంతో మన అమ్మాయిలు వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్ళవచ్చు. ఓవర్‌టైముకు కనీసం 25 శాతం అదనంగా ఇవ్వాలని అక్కడి చట్టం. ఇవేవీ చెప్పకుండా వినయమే నేర్పితే అది చదువా, చాకిరీకి తర్ఫీదా? కాంట్రాక్టు చదవడం, 'ఈయె', అంటే 'కాదు' అనడం, మొదటి పాఠాల్లోనే నేర్పాలని మనం గట్టిగా అడగాలి.