మిత్రసమాజమూ, తుపాకుల కార్ఖానా

ఓట్సు డబ్బా మీద వెడల్పాటి టోపీ పెట్టుకుని చిరునవ్వు నవ్వే పెద్దమనిషిని మనలో చాలామంది చూసే ఉంటారు. క్వేకరు అనగానే మనవారికి ముందుగా గుర్తుకొచ్చేది ఆ డబ్బాయే. నిజానికి ఆ కంపెనీకీ క్వేకర్లకూ ఏ సంబంధమూ లేదు. ఆ మతస్థులు నిజాయితీపరులని లోకంలో ఒక పేరు స్థిరపడి ఉండడం చూసి, 1877లో అమెరికాలోని ఒక పిండిమిల్లు వారు ఆ బొమ్మను తమ వ్యాపారచిహ్నంగా నమోదు చేసుకున్నారు, అంతే. పరుల సత్యసంధతను అరువు తెచ్చుకుని సరుకు అమ్ముకోవడమన్నమాట. (మనకు మాత్రం కొత్తా? దేవుడి పేరు పెట్టని అగరొత్తుల కట్ట ఎక్కడైనా దొరుకుతుందా?)

ఆ డబ్బా వెనుక ఉన్న అసలు మనుషుల గురించి కొంత చదివాక, మతమూ రాజకీయమూ అనే మాట ఎత్తగానే మనం చేసే వాదనలు రెండూ నాకు చప్పగా కనిపించడం మొదలైంది. మతం ఇంట్లోనే ఉండాలి, వీధిలోకి రాకూడదన్నది ఒక వాదన. మా మతం వీధిలోకే కాదు, గద్దె మీదకీ రావాలన్నది రెండో వాదన. క్వేకర్ల చరిత్ర ఈ రెండింటికీ లొంగదు. వారి మతం మొదటిరోజు నుంచీ వీధిలోనే ఉంది. కానీ అది ఇతరులను శాసించడానికి కాక, చాలావరకు తాము కొన్ని పనులు చేయబోమని చెప్పడానికి వచ్చింది. ఆ చేయబోమన్న మాటకు మూల్యాన్ని తామే చెల్లించారు. అన్నిసార్లూ కాదు. ఆ కాని సందర్భాల గురించే ఈ టపాలో ఎక్కువగా చెప్పదలచాను.

ముందు కొంత పరిచయం. పదిహేడో శతాబ్దం నడిమిన, అంతర్యుద్ధంతో అల్లకల్లోలమైన ఇంగ్లండులో, జార్జి ఫాక్స్ (1624–1691) అనే చెప్పులు కుట్టేవాడి దగ్గర పని నేర్చిన యువకుడు, ప్రతి మనిషిలోనూ దైవజ్యోతి ఉన్నదనీ దాన్ని వినడానికి పూజారి అవసరం లేదనీ బోధించసాగాడు. అనుయాయులు తమను మిత్రులని పిలుచుకున్నారు. వణికేవారు అన్న అర్థంలో క్వేకర్లని ఎగతాళిగా పిలిచింది ఇతరులు. వారి ఆరాధన మౌనం. అందరూ ఒకచోట కూర్చుంటారు. ఎవరికైనా లోపలినుంచి మాట పుడితే లేచి చెబుతారు, లేకపోతే గంటసేపు కూర్చుని లేచిపోతారు. నిర్ణయాలకు ఓటింగు పెట్టరు. ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద దాదాపు నాలుగు లక్షలమంది ఉంటారు. అందరికన్న ఎక్కువమంది ఉన్నది కెన్యాలో. అక్కడి ఆరాధన మౌనం కాదు, పాటలతోనూ ప్రసంగాలతోనూ సాగుతుంది.

తెలుగువాళ్ళకు వెంటనే అర్థమయ్యే క్వేకరు తగాదా ఒకటుంది. ఆనాటి ఇంగ్లీషులోనూ మన నువ్వు, మీరు వంటి భేదం ఉండేది. ఏకవచనం "దౌ", బహువచనం "యూ". గొప్పవారిని బహువచనంతో సంబోధించాలి. క్వేకర్లు పాలేరునూ, ప్రభువునూ, న్యాయమూర్తినీ కూడా "దౌ" అనే అన్నారు. ఎవరి ముందూ టోపీ తీయలేదు. దీనికి దెబ్బలు తిన్నారు, జైళ్ళకు వెళ్ళారు. 1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరిని, వీధిలో ప్రసంగించి అల్లరికి కారణమయ్యారని లండనులో విచారణకు తెచ్చినప్పుడు, వారి తలమీద లేని టోపీలను న్యాయస్థానమే మళ్ళీ పెట్టించి, ఆపైన టోపీ తీయనందుకు జరిమానా వేసింది! జూరీవారు నేరం లేదన్నందుకు వారిని అన్నపానీయాలు లేకుండా నిర్బంధించారు. జరిమానా కట్టనని జైలులో కూర్చున్న బుషెల్ అనే జూరీ సభ్యుడి వ్యాజ్యంలోనే, తీర్పు చెప్పినందుకు జూరీని శిక్షించరాదన్న సూత్రం స్థిరపడింది.

చివరికి ఇంగ్లీషు ఆ భేదాన్ని వదులుకుంది, కానీ క్వేకర్లు కోరినట్టు కాదు. అందరినీ "మీరు" చేసింది. నా ఓటు ఈ విషయంలో ఇంగ్లీషుకే. సమానత్వం కోసం పెద్దవాణ్ణి దించడంకన్న చిన్నవాడనుకున్నవాణ్ణి ఎత్తడం మేలు. మన ఇళ్ళలో అరవయ్యేళ్ళ పనిమనిషిని పదేళ్ళ పిల్లవాడు నువ్వంటాడు, ఆమె వాణ్ణి బాబుగారూ అంటుంది. దీనికోసం జైలుకు వెళ్ళినవారు మనలో ఎవరైనా ఉన్నారా?

రెండో తగాదా ప్రమాణాల గురించి. ప్రమాణం చేసి చెబితేనే నిజమంటే, మామూలుగా చెప్పేది నిజం కాదనే కదా? అందుకని ప్రమాణం చేయబోమన్నారు. ఫలితంగా పదవులు మూసుకుపోయాయి. స్థాపిత చర్చిని అంగీకరించనివారికి విశ్వవిద్యాలయాల తలుపులూ మూసే ఉండేవి. 1696లో ప్రమాణానికి బదులు ధ్రువీకరణ చేయవచ్చునని వారికోసం ఒక చట్టం వచ్చింది. 1833లో జోసెఫ్ పీజ్ ప్రమాణం చేయకుండానే పార్లమెంటులో కూర్చున్నాడు. 1888లో నాస్తికుడైన బ్రాడ్లా కృషితో ఆ వెసులుబాటు అందరిదీ అయింది. మన రాజ్యాంగం మూడవ షెడ్యూలులో దైవసాక్షిగా ప్రమాణం చేయడమో, దేవుడి పేరెత్తకుండా నిష్ఠాపూర్వకంగా ధ్రువీకరించడమో అని రెండు దారులున్నాయి చూశారూ, ఆ రెండో దారి ఈ వంశానికి చెందినదే. నాస్తికుడైన మన శాసనసభ్యుడు నిశ్చింతగా నిలబడే చోటును మొదట తవ్వినవారు పరమ ఆస్తికులు.

పదవులూ చదువులూ మూసుకుపోతే మిగిలింది వ్యాపారమూ, యంత్రాలూ. బేరమాడడం అబద్ధమాడడమేనని ఒకే ధర పెట్టారు. చిన్నపిల్లను పంపినా మోసం చేయరన్న నమ్మకంతో జనం వారి దుకాణాలకే వెళ్ళారు. బార్క్లేస్, లాయిడ్స్ బ్యాంకుల మూలాలు అక్కడివే. మనం తిని పెరిగిన క్యాడ్బరీ చాక్లెట్టూ ఆ ఇంటిదే. 1709లో బొగ్గుకోకుతో ఇనుము కరిగించిన అబ్రహాం డార్బీ క్వేకరు; 1825లో మొదలైన స్టాక్టన్–డార్లింగ్టన్ రైలుమార్గానికి ప్రధాన పోషకుడు ఎడ్వర్డ్ పీజ్ (పైన చెప్పిన జోసెఫ్ తండ్రి) క్వేకరు. పారిశ్రామిక విప్లవానికి వారిచ్చిన చేయి వారి సంఖ్యతో పోలిస్తే చాలా పెద్దది.

ఇక అసలు విషయం. 1660నుంచీ, ఏ కారణంచేతనైనా సరే ఆయుధంతో పోరాడబోమని రాజుకే రాసిచ్చిన సమాజం అది. అటువంటి సమాజంలో, బర్మింగ్‌హాములో, శామ్యూల్ గాల్టన్ (1753–1832) అనే సభ్యుడి కుటుంబ వృత్తి తుపాకుల తయారీ. ప్రభుత్వానికీ అమ్మారు, పశ్చిమాఫ్రికాలో బానిసల వ్యాపారం చేసేవారికీ అమ్మారు. డెబ్బై ఏళ్ళపాటు ఎవరూ గట్టిగా కాదనలేదు. 1795లో, ఫ్రాన్సుతో యుద్ధం జోరుగా సాగుతూండగా, స్థానిక సభ ఆయన్ను నిలదీసింది. మరుసటి ఏడు గాల్టన్ తన సమాధానాన్ని అచ్చువేయించాడు.

ఆ సమాధానం చదివితే, ఇది రెండువందల ఏళ్ళకు పైబడినదంటే నమ్మబుద్ధి కాదు. సారాంశం ఇది: ఈ వృత్తి నాకు వారసత్వంగా వచ్చింది, నేను ఎంచుకోలేదు. తుపాకీ ఆత్మరక్షణకూ పనికొస్తుంది. దుర్వినియోగానికి చేసినవాడు బాధ్యుడైతే, తాగుబోతు పతనానికి బార్లీ పండించిన రైతు బాధ్యుడా? మీలో పన్ను కట్టనివారెవరు? ఆ పన్నుతోనే కదా యుద్ధం నడుస్తున్నది. మీరు తినే పంచదారా, తాగే పొగాకూ, కట్టే నూలుబట్టా బానిసల చెమటతో వచ్చినవి కావా?

నిజానికి ఒక్క మాటకైనా జవాబు చెప్పడం కష్టం. చరిత్రకారిణి ప్రియా సాతియా 2018లో వెలువరించిన గ్రంథంలో, గాల్టన్ చెప్పిన పరిస్థితి వాస్తవమేననీ, ఆనాటి బ్రిటను పరిశ్రమ మొత్తం యుద్ధాల చుట్టూ అల్లుకున్నదేననీ వివరంగా చూపారు. ఆయన వర్ణన సరైనదే. ఆ వర్ణన నుంచి తీసిన నిర్ణయంతోనే నాకు పేచీ. అందరి చేతులకూ మసి అంటింది కనుక నా చేయి మాత్రమే కడగమనడం అన్యాయం అన్నది ఆయన తర్కం. సరిగ్గా అదే వాస్తవం నుంచి, ఆయనకు ముందే మరో ఇద్దరు క్వేకర్లు పూర్తిగా వేరే నిర్ణయం తీశారు.

ఒకడు బెంజమిన్ లే. నాలుగడుగుల మరుగుజ్జు, గూనివాడు. పెన్సిల్వేనియాలో గుహవంటి ఇంట్లో ఉంటూ, తన బట్ట తనే వడుక్కుని, బానిసలు పండించినదేదీ ముట్టకుండా బతికాడు. 1738లో క్వేకర్ల వార్షికసభలో, బానిసలను ఉంచుకున్న పెద్దమనుషుల ఎదుట, లోపల ఎర్రటి పళ్ళరసం తిత్తి దాచిన పుస్తకాన్ని కత్తితో పొడిచి, ఆ "రక్తాన్ని" చుట్టుపక్కలవారి మీద చిందించాడు. ఎత్తి బయట పడేశారు. మిత్రసమాజం ఆయన్ను వెలివేసింది కూడా. రెండోవాడు జాన్ వుల్మన్ (1720–1772), మృదుస్వభావి. ఎవరినీ గద్దించలేదు, బానిసలున్న ఇంట్లో భోజనం చేస్తే ఆ సేవకు డబ్బిచ్చి వెళ్ళేవాడు. రంగు వేయని బట్టలు కట్టేవాడు. 1776లో ఫిలడెల్ఫియా వార్షికసభ బానిసలను ఉంచుకున్నవారికి సభ్యత్వం లేదని తేల్చిందంటే, అందులో వీరిద్దరి పాత్ర తక్కువది కాదు.

గాల్టన్‌కూ వీరికీ తేడా ఎక్కడ? ముగ్గురూ లోకం ఒకే వల అని చూశారు. ఆయనకు అది విడుదల పత్రమైంది; వీరికి తమ చేతికందిన దారాన్ని లాగవలసిన బాధ్యత అయింది. 1796లో బర్మింగ్‌హాము సభ గాల్టన్ సభ్యత్వాన్ని తీసివేసింది. ఆలస్యమైంది, నిజమే. కానీ ఆయన తర్వాత కూడా ఆరాధనకు వస్తూనే ఉన్నాడు, వారు రానిస్తూనే ఉన్నారు. నాకు ఆ సంగతే అన్నిటికన్న నచ్చింది. నీ పని మాది కాదన్నారు గానీ, నువ్వు మనిషివి కావనలేదు.

ఇలా రాస్తూ పోతే క్వేకర్లు మహర్షులన్న భ్రమ కలుగుతుంది. కలగకూడదు. మౌనం మనిషిని లోపలికి తిప్పుతుందన్న తమ అనుభవాన్ని, ఫిలడెల్ఫియా సంస్కర్తలు జైలు కట్టడానికి వాడారు. వారిలో క్వేకర్ల ప్రభావం గాఢమైనది. 1829లో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలులో ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క గది. ఎవరితోనూ మాట లేదు. గది బయటకు తెస్తే ముఖానికి ముసుగు. కొరడాలూ ఉరికొయ్యలూ ఉన్న కాలంలో ఇది దయ అనుకున్నారు. 1842లో దాన్ని చూసిన చార్లెస్ డికెన్సు, ఒంటిమీద దెబ్బకన్న ఇది క్రూరమని రాశాడు. మనుషులకు మతి చలించింది. పదిమంది పక్కన కూర్చుని, తలుపు తెరిచి ఉండగా, తాను కోరుకున్న మౌనం వేరు. తాళం వేసి ఒంటరివాడి మీద రుద్దిన మౌనం వేరు. మతం తన సాధనను తన ఒంటి మీద చేసుకున్నంతకాలం నాకు దానితో తగవు లేదు. దాన్ని ఒక యంత్రంగా మార్చి, మరొకడి మేలు కోరి వాడిని అందులో పెట్టినప్పుడే భయం. ఏకాంత ఖైదు ఇప్పటికీ అమెరికా జైళ్ళలో ఉంది.

ఎడింగ్టన్ కథ క్లుప్తంగా. క్వేకరైన ఈ ఖగోళ శాస్త్రవేత్త 1918లో సైన్యానికి వెళ్ళనని మనస్సాక్షి పేరిటే ప్రకటించాడు. చివరికి గ్రహణ పరిశోధన చేయాలన్న షరతుతో మినహాయింపు దొరికింది. 1919 మే 29న ప్రిన్సిపే ద్వీపంలో సూర్యగ్రహణాన్ని చిత్రించి, శత్రుదేశపు రాజధానిలో ఉన్న ఐన్‌స్టీను సిద్ధాంతాన్ని బలపరిచాడు. అదే ఎడింగ్టన్ 1935లో, మన చంద్రశేఖర్ లెక్కను నిండు సభలో నవ్వులపాలు చేశాడు! ప్రతివాడిలోనూ వెలుగుందన్నవాడికీ పాతికేళ్ళ కుర్రవాడి వెలుగు కనిపించలేదు.

ఇప్పుడు ఇదంతా మనకెందుకంటారా? తెలుగువారిలో సాఫ్టువేరు వృత్తిలో ఉన్నవారెందరో. 2018లో, డ్రోనులు తీసిన చిత్రాలను విశ్లేషించే మేవెన్ అనే సైనిక పథకంలో పాల్గొనవద్దని గూగుల్ ఉద్యోగులు వేలమంది సంతకాలు చేశారు. సంస్థ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు, ఆయుధాలకు కృత్రిమమేధను అందించబోమని రాసుకుంది. 2025 ఫిబ్రవరిలో ఆ వాక్యాన్ని తీసేసింది. ఈ సంగతులు మాట్లాడుకునేటప్పుడు నా సహోద్యోగులు చెప్పేవన్నీ గాల్టన్ మాటలే. మనం చేయకపోతే ఇంకొకరు చేస్తారు. మనది లైబ్రరీ కోడు మాత్రమే, దేనికి వాడతారో మనకేం తెలుసు. నువ్వు పన్ను కట్టడం లేదా? వీసా, ఇంటి అప్పు, పిల్లల చదువు నెత్తిన ఉన్న మనిషిని ఉద్యోగం మానేయమనే హక్కు నాకు లేదు. అయితే ఆ మాటల్లో ఏదీ కొత్తది కాదనీ, బర్మింగ్‌హాములో ఒక చిన్న సభ వాటన్నిటినీ సావధానంగా విని కూడా ఒప్పుకోలేదనీ వారికి చెబుతూనే ఉన్నాను.

మనకు లేనిది ఆ సభ. గాల్టన్‌ను నిలదీసింది ప్రభుత్వం కాదు, పత్రికలు కాదు. వారంవారం ఆయన పక్కన కూర్చునేవారు. మనకు కులసంఘాలున్నాయి, అమెరికాలో తెలుగు సంఘాలున్నాయి, వనభోజనాలున్నాయి. నీ కంపెనీ ఏం తయారుచేస్తున్నదని అక్కడ ఎవరూ అడగరు. ప్యాకేజీ ఎంతని మాత్రం అడుగుతారు. అడిగే చోటు మీకెక్కడైనా తారసపడి ఉంటే వ్యాఖ్యలో రాయండి.