పోవడం వేరు, ఉండిపోవడం వేరు

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెత మనకు కొత్త కాదు. రైలు లేని రోజులలో అది భయంలోంచి పుట్టిన మాట. ఆ భయాన్నే కోరికగా మార్చుకొని, అక్కడే కన్నుమూయాలని కాశీ వెళ్ళి సత్రాలలో కాలం గడిపిన తెలుగు వృద్ధుల సంగతీ విన్నదే. మా ఇళ్ళలో ఆ కాశీ పేరు మదీనా. ఉద్యోగం ముగిసింది, పిల్లలు స్థిరపడ్డారు, మిగిలిన నాలుగు రోజులూ ప్రవక్త మసీదు నీడలో గడిపి జన్నతుల్ బఖీ ఖబరస్తాన్‌లో ఆరడుగుల నేల దొరికితే చాలు. ఈ మాట నా చిన్ననాటినుండి వింటున్నాను. ఆ కోరికకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఇల్లూ వాకిలీ అమ్ముకొని అక్కడ ఉండిపోవాలనే ఆలోచనను మాత్రం సమర్థించలేను.

ఇప్పుడెందుకీ ప్రస్తావన అంటే, మా మేనమామ హయత్‌నగర్‌లోని తన ప్లాటును బేరానికి పెట్టినారు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి విరమించిన మనిషి. ఆ స్థలం తప్ప వెనకేసుకున్నదేమీ లేదు. "మదీనా పోయి కూర్చుంటాను బేటా, ఇక్కడేముంది?" అంటారు.

ముందు లౌకికమైన సంగతి. సౌదీ అరేబియాలో పరదేశి నివాసం ఉద్యోగంతో ముడిపడినది. పని ఉన్నంతకాలం ఇఖామా, పని పోతే విమానం. ముప్పయి ఏళ్ళు జిద్దాలో చెమటోడ్చినవాడికైనా ముసలితనం అక్కడే గడుపుకొనే హక్కు దానంతట అది రాదు. 2017 జూలైనుండి వెంట ఉన్న ఒక్కొక్క కుటుంబసభ్యునికి నెలకు 100 రియాళ్ళ సుంకం విధించి, ఏటేటా పెంచి 2020 నాటికి 400 చేసినప్పుడు ఎన్నో హైదరాబాదీ కుటుంబాలు పెట్టేబేడా సర్దుకొని తిరిగివచ్చాయి. డబ్బున్నవారి దారి వేరు. 2019లో తెరిచిన ప్రత్యేక నివాస పథకంలో శాశ్వతంగా ఉండడానికి 8 లక్షల రియాళ్ళు కట్టాలి. మన లెక్కలో కోటిన్నరకు పైమాటే. ఏడాదికోసారి కట్టుకుంటే లక్ష రియాళ్ళు. ఇక మామూవంటివారికి మిగిలేది ఉమ్రా వీసా. 2022లో దాని గడువును 30 రోజులనుండి 90కి పెంచారు. ఆ తొంభై తీరగానే బయలుదేరవలసిందే.

పూర్వం ఇలా ఉండేది కాదు. పాస్‌పోర్టు లేని కాలంలో బీదవాడు, వితంతువు, విద్యార్థి వెళ్ళి రుబాత్ అనే ధర్మసత్రంలో ఒక మూల చేరితే అడిగేవారు లేరు. నిజాములు కూడా తమ ప్రజలకోసం మక్కాలో రుబాత్‌లు ఏర్పాటు చేసినారు. కాబా చుట్టూ మసీదు విస్తరించినకొద్దీ అనేకం కూలగా, మిగిలినవాటిలో పాత హైదరాబాదు సంస్థానపు జిల్లాలనుండి వచ్చే హాజీలకు చీటీలు తీసి ఉచితంగా వసతి ఇస్తారు. అదీ హజ్ రోజులకే. అంటే ఒకప్పుడు ఫకీరుకు సాధ్యమైన పని నేడు షావుకారుకు మాత్రమే సాధ్యం. దీనిని ఇంకా భక్తికి సంబంధించిన విషయంగానే మాట్లాడుకుంటున్నాము!

ధర్మం మాటకొస్తే, పుణ్యక్షేత్రంలో స్థిరనివాసాన్ని ముజావరత్ అంటారు. అంతకు మించినది లేదని మా పెద్దలు అనుకుంటారు గాని, పూర్వ పండితులలో ఏకాభిప్రాయం లేదు. దక్కనులో ఎక్కువమంది అనుసరించేది హనఫీ మార్గం. దాని మూలపురుషుడైన అబూ హనీఫాయే మక్కాలో కాపురముండడాన్ని అయిష్టంగా చూచినాడు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ గురువును కాదని, అది మంచిదేనన్నారు. (ఇప్పుడు అలా గురువును కాదనే శిష్యుణ్ణి ఒక్కణ్ణి చూపించండి.) తరువాత ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో ఆ అయిష్టానికి మూడు కారణాలు చూపినాడు. నిత్యం చూస్తుంటే భక్తి చల్లారుతుంది. దూరంగా ఉంటే మళ్ళీ రావాలనే తపన నిలుస్తుంది. ఆ చోట చేసిన తప్పు బరువు ఎక్కువ. ఖలీఫా ఉమర్ హజ్ కాగానే జనాన్ని ఎవరి దేశానికి వారిని పొమ్మని తరిమేవారని కూడా అదే చోట చెప్పినాడు. మొదటి కారణం నాకు బాగా అర్థమవుతుంది. తిరుపతిలో కాపురముండేవారిని కొండెక్కి ఎన్నాళ్ళయిందో అడిగి చూడండి.

మన నేల ఈ చిక్కును ఇంకొక విధంగా విప్పుకొన్నది. హయత్‌నగర్ ఎవరి పేరనో ఆ హయాత్ బక్షీ బేగం మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు. భర్త సుల్తాన్ మహమ్మద్ మొదలుపెట్టిన పెద్ద మసీదుకు మక్కానుండి తెచ్చిన మట్టితో ఇటుకలు చేసి వాడినారని ప్రతీతి. అందుకే అది మక్కా మసీదయింది. ఆమె తండ్రి కాలపు పీష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ కర్బలా మట్టిని తెప్పించి తాను వేసిన దాయిరా ఖబరస్తాన్‌లో చల్లించినాడని చెబుతారు. కర్బలా పోలేనివాడికి కర్బలాయే ఇక్కడికి రావాలి గదా! కాశీ పోలేనివారికి తుంగభద్ర ఒడ్డున అలంపురం దక్షిణకాశి అయిన పద్ధతే ఇది. ఆ రాణి పేరు మోసిన మసీదు మా ఊరిలో నేటికీ ఉన్నది. ఎత్తయిన అరుగుమీద మసీదు, ప్రాంగణం చుట్టూ బాటసారులకోసం కట్టిన గదుల వరుస. పోయేవాడు ఒక రాత్రి ఆగి పోవడానికి కట్టినవి. బేగం 1667లో మరణించి గోలకొండ సమాధులలోనే నిద్రిస్తున్నది.

ఇంకొక ఉదాహరణ. 1876లో జామియా నిజామియాను స్థాపించిన అన్వారుల్లా ఫారూఖీ ఒక దశలో మదీనా వెళ్ళి కొన్నేళ్ళు అక్కడ నివసించినారు. ఉండిపోవడానికి ఆయనకు లేనిదేమున్నది? తిరిగివచ్చి పాఠాలు చెప్పినారు. 1918లో పోయినప్పుడు ఆ విద్యాలయ ప్రాంగణంలోనే మట్టి ఇచ్చినారు.

ఇవన్నీ మామూకు చెప్పినాను. ఓపికగా విన్నారు. చివరకు నా బలమైన వాదం తీసినాను. "మదీనాలో మీ జనాజాకు భుజం పట్టేదెవరు?"

ఆయన నవ్వినారు. "అక్కడ ప్రతి నమాజు తరువాత, పోయినవాళ్ళ పేరు తెలియకపోయినా వేలమంది నిలబడి జనాజా నమాజు చేస్తారు. బఖీలో ఎవరి సమాధిమీదా పేరుండదు, దిక్కులేనివాడూ గొప్పవాడూ ఒకటే. ఇక్కడ? పెద్దోడు డల్లాసు, చిన్నోడు మెల్‌బోర్న్. వాళ్ళు వచ్చేదాకా నన్ను ఐసుపెట్టెలో పెడతారా?"

ఆయనను అబూ హనీఫా ఆపలేడు, వీసా అధికారి ఆపగలడు గాని అది సమాధానం కాదు. మదీనామీది ప్రేమలో ఈ ఊరిలోని ఒంటరితనం పాలెంతో ఆయనకే తెలియాలి. ప్లాటు బేరం నెలాఖరులోగా తేలుతుందట. దాన్ని ఆపమని ఒక్క మాట మాత్రం అన్నాను: "ఉమ్రాకు ఇద్దరం కలిసి పోదాం మామూ, ఖర్చు నాది. తిరిగి వచ్చినాక శుక్రవారాలు మా ఇంట్లో భోంచేయండి. భుజాల సంగతంటారా, మేనల్లుళ్ళం నలుగురం ఉన్నాం." ఇంకా జవాబు చెప్పలేదు.