మాతృభాషకు పాస్‌పోర్టే కొలబద్ద

న్యూఢిల్లీ: పుదుచ్చేరిలో చేపల రేవున్న తేంగాయితిట్టులో ఇద్దరు ఆంగ్ల సాహిత్య పట్టభద్రులున్నారని అనుకుందాము. ఒకరు భారత పౌరుడు. రెండవవాని తాతగారు, 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైన పిమ్మట లభించిన ఆరునెలల గడువులో ఫ్రెంచి పౌరసత్వాన్నే ఎంచుకున్నారు. కనుక మనుమనిదీ ఫ్రెంచి పాస్‌పోర్టే. ఐరోపాకు వెళ్లదలిస్తే ఇతడే అదృష్టవంతుడు. కాని దక్షిణ కొరియా బడిలో ఇంగ్లీషు చెప్పదలిస్తే ఆ పాస్‌పోర్టు అక్కరకు రాదు. (ఫ్రెంచి చెబుతానంటే అది వేరు సంగతి.) భారతీయునికి మాత్రం అక్కడ ఒక సన్నని దారి వున్నది.

ఇంగ్లీషు ఉపాధ్యాయుల వీసాకు కొరియా గుర్తించేది అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులను. ఉచ్చారణనూ వ్యాకరణాన్నీ అడగడానికి ముందే పౌరసత్వం అడుగుతారు. అయినా 2009లో సంతకమై 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో, డిగ్రీతోపాటు ఉపాధ్యాయ యోగ్యతాపత్రంగల భారతీయులకు సహాయక ఇంగ్లీషు ఉపాధ్యాయులుగా ప్రవేశం లభించింది. బేరమాడితే ఈ కంచె కదులుతుందనడానికి ఇంతకన్న సాక్ష్యమేమి కావాలి?

అయితే మన వాణిజ్య చర్చలలో సుంకాలకూ ఉక్కుకూ, మహా అయితే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకూ దక్కే శ్రద్ధ ఉపాధ్యాయులకు దక్కదు. ఇటువంటి ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదమూ అవసరం లేదు. ఇంగ్లండు 2023లో భారతీయ ఉపాధ్యాయుల అర్హతలను గుర్తించడానికి అంగీకరించినప్పుడు గణితం, విజ్ఞానశాస్త్రం, భాషలు బోధించేవారికే ఆ వీలు కల్పించింది. ఆ ‘భాషల’లో ఇంగ్లీషు లేదు! ఇటు మన ప్రభుత్వమేమో కంబోడియా, లావోస్, వియత్నాం వంటి దేశాలలో ఇంగ్లీషు శిక్షణకేంద్రాలు నెలకొల్పి మిత్రదేశాల మెప్పు పొందుతున్నది. హైదరాబాదులో 1958లో వెలసిన ఆంగ్లభాషా సంస్థ, నేటి కేంద్రీయ విశ్వవిద్యాలయం, విదేశీయులకు ఇంగ్లీషు నేర్పుతూనే వున్నది.

దౌత్యం తెరవని ద్వారాలను దళారులు తెరుస్తామంటారు. 1983నాటి వలసల చట్టం క్రింద ప్రభుత్వ అనుమతి పొందవలసినది ముఖ్యంగా పదవ తరగతి దాటనివారు, అదీ కొన్ని నిర్ణీత దేశాలకు పోయేటప్పుడు. పట్టభద్రుడు తన మంచిచెడ్డలు తానే చూసుకోగలడని చట్టం భావన. థాయిలాండ్‌లో ఉద్యోగమని ఆశచూపి మియన్మార్‌లోని సైబరు మోసాల స్థావరాలకు తరలిస్తున్నారని విదేశాంగశాఖ 2022లో హెచ్చరించింది. చిక్కినవారిలో చదువుకున్నవారు, ఇంగ్లీషు వచ్చినవారు వున్నారు. 2021లో వెలువడిన వలసల బిల్లు ముసాయిదా చట్టం కాలేదు.

కొరియా ఒప్పందాన్ని నవీకరించే చర్చలు 2016లో మొదలై ఏళ్లతరబడి సాగాయి. 2010 తరువాత ఎందరు భారతీయ ఉపాధ్యాయులు ఆ నిబంధన క్రింద సియోల్ చేరారు? చేరనిచో, అడ్డుపడినది కొరియా అధికారులా, మనవారి ప్రచారలోపమా? పుదుచ్చేరికి ఉభయసభలలో ఒక్కొక్క సభ్యుడున్నారు. వాణిజ్యమంత్రికి ఈ ప్రశ్న వేయడానికి ఆ ఇద్దరిలో ఒక్కరు చాలు.