పరిశీలక సంఘముల రాక

పరిశీలక సంఘము వచ్చుచున్నదనగానే గోడలకు సున్నము, గుమ్మములకు తోరణములు, అధ్యాపకులకు గుండెదడ మన విద్యాలయములలో సామాన్యమైపోయినవి. ఈ భయము నేటిది కాదు. 1854 నాటి వుడ్ విద్యాపత్రము ప్రభుత్వ ధనసహాయమునకు తనిఖీని జోడించినది. ఆనాటి ఇన్‌స్పెక్టరు ప్రభువు, ఉపాధ్యాయుడు అర్థి. 1994లో బెంగుళూరు కేంద్రముగా న్యాక్ అను జాతీయ మదింపు మండలి వెలసినప్పుడు ఉద్దేశము వేరు. కళాశాల తన్ను గూర్చి తాను వ్రాసికొన్న నివేదికను సాటి విద్వాంసులు వచ్చి వాస్తవముతో సరిచూడవలెననుటయే ఆ ఉద్దేశము. విధానము మారినది గాని పాత భయము పోలేదు.

సరిచూచునప్పుడు అభిప్రాయభేదము తప్పదు. గ్రంథాలయమున వేలకొలది పుస్తకములున్నవని నివేదిక చెప్పును. అవి విద్యార్థుల చేతికి పోయిన జాడ లేదని పరిశీలకుడనును. అప్పుడు ప్రిన్సిపాలు కోపగించుట తప్పు. చేతులు నలుపుకొనుచు దీనముగా నిలుచుటయు తప్పే. పుస్తకములిచ్చిన చిట్టాను తెచ్చి ముందుంచవలెను. చిట్టా లేనిచో లోపమును నిస్సంకోచముగా ఒప్పుకొనవలెను. పరిశీలకుడును అధ్యాపకుని విద్యార్థుల యెదుట గద్దింపరాదు. సందేహమును ప్రశ్నగా అడిగి సమాధానమును వ్రాసికొనవలెను. సంఘసభ్యులలో భేదము పుట్టెనేని దానిని తమలో తాము తేల్చుకొనవలెను గాని ఆతిథ్యమిచ్చిన వారి భోజనశాలలో కాదు. అప్పటికిని ఒప్పుదల కుదరనిచో కళాశాలవారు తమ ఆక్షేపణను ఆధారములతో మండలికి వ్రాసికొనుట ధర్మము.

ఘర్షణకంటె, ఘర్షణ లేకుండ చేసికొను బేరము ప్రమాదకరము. 2025 ఫిబ్రవరిలో గుంటూరు ప్రాంతమందలి యొక విద్యాసంస్థకు ఉన్నతశ్రేణి నిచ్చుటకై లంచము చేతులు మారెనను ఆరోపణపై, పరిశీలక సంఘాధ్యక్షునితో సహా పలువురిని కేంద్ర దర్యాప్తు సంస్థ నిర్బంధించినది. దోషనిర్ణయము న్యాయస్థానముది. కాని అట్టి ఆరోపణ పుట్టుటయే ఆంధ్రదేశమునకు తలవంపు.

ఆ శ్రేణిని నమ్మి, అప్పుచేసి బిడ్డను కళాశాలకు పంపు తండ్రికి ఆ సమావేశములో ఆసనము లేదు. అతని పక్షమున మాటాడవలసినవారు పరిశీలకులును, పరిశీలింపబడువారును గూడ. సత్కారములతో సంపాదించిన శ్రేణికంటె, మర్యాదతో వాదించి పొందిన తక్కువ శ్రేణియే అతనికి మేలు. ఈ సంగతిని ఇరువాగులవారును మరువకుందురు గాక.