అమ్మకానికి నాలుగు నిజమైన మాటలు



నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నేటికీ ఎన్నో కుటుంబాలకు ఆధారం. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. అయినను అల్లిన చేతికి దక్కేది కొంచెమే, మధ్యవర్తులకు పోయేదే ఎక్కువ. నేడు సెల్‌ఫోనులో వాట్సాప్ బిజినెస్ ద్వారా మీ సరుకును మీరే చూపించి అమ్ముకొనవచ్చును.

అయితే ఏమి వ్రాయాలి? "అద్భుతం, అతి చౌక" అని అందరూ వ్రాసేదే. దూరాన ఉన్నవారు బట్టను తాకి చూడలేరు గనుక, అంగడిలో అడిగే ప్రశ్నలకు ముందుగానే జవాబు వ్రాయండి. నూలు దారమేనా? పొడవు, వెడల్పు ఎంత? అల్లడానికి ఎన్ని రోజులు పట్టింది? ఉతికితే రంగు పోతుందా? తపాలా ఖర్చుతో కలిపి ధర ఎంత?

ఫొటోను పగటి వెలుగులో తీయండి. చిన్న లోపమున్నా దాచక చూపండి. మిషను లేసును చేతి అల్లిక అని ఎన్నడూ వ్రాయవద్దు. ఒకసారి మోసపోయినవారు మిమ్మును మాత్రమే కాదు, మీ ఊరిలో అల్లే ప్రతి సోదరినీ అనుమానిస్తారు. తప్పుడు తూకము ఎంతటి దోషమో, తప్పుడు మాటయు అంతే.