ఎవరింటికి వచ్చావమ్మా?

ఒక ఊరు స్త్రీలకు ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఎవరిని అడగాలి? మున్సిపల్ ఆఫీసులో అడిగితే వీధిదీపాల సంఖ్య చెబుతారు. పోలీస్ స్టేషన్‌లో అడిగితే నమోదైన కేసుల సంఖ్య చెబుతారు. ఊళ్లో ఆడవాళ్లను అడిగితే "మా ఊరికేమైంది, మంచిగనే ఉంటది" అంటారు. రోజూ నడిచే దారిలోని గుంత కాలికి అలవాటైనట్టు, చీకటి పడకముందే ఇల్లు చేరుకోవడం కూడా వాళ్లకు అలవాటైపోయి ఉంటుంది. అందుకే పొరుగూరి ఆడవాళ్లను పంపి చూద్దామనే ప్రతిపాదన మన గత సమావేశంలో వచ్చింది. జనగామ వాళ్లు మహబూబాబాద్‌కు, మహబూబాబాద్ వాళ్లు భూపాలపల్లికి, భూపాలపల్లి వాళ్లు జనగామకు వెళ్లాలి. ఎవరికీ చెప్పకుండా, మామూలు ప్రయాణికుల్లా వెళ్లి ఒక పగలూ ఒక సాయంత్రమూ గడిపి, చూసింది రాసి తేవాలి. ఈ ప్రతిపాదనను నేను సమర్థిస్తున్నాను. అయితే చాటుగా చూడడమనే పద్ధతి మీద మనలో కొందరు వ్యక్తం చేసిన అనుమానాలు తీసిపారేయదగ్గవి కావు. వాటిని చర్చించకుండా బస్సెక్కడం మంచిది కాదు.

ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఎక్స్‌టెన్షన్ విభాగం 1991లో 'ఫస్ట్ ఇంప్రెషన్స్' పేరుతో దీన్ని మొదలుపెట్టింది. ఒకేపాటి జనాభా, ఒకేరకమైన పరిస్థితులు ఉన్న రెండు చిన్న పట్టణాలు స్వచ్ఛంద కార్యకర్తల బృందాలను ఒకదానికొకటి పంపుకుంటాయి. బృందం ముందుగా చెప్పకుండా వెళ్లి దుకాణాలు, బడులు, వీధులు చూసి, రెండు చోట్లా ఒకే ప్రశ్నపత్రం నింపి, ఆ నివేదికను చూసిన ఊరికే అప్పగిస్తుంది. తర్వాత ఇది ఇతర రాష్ట్రాలకూ కెనడాకూ పాకింది. అక్కడ దీని వెనుక ఉన్నది ప్రధానంగా వ్యాపారపు ఆందోళన. పర్యాటకుడు మా ఊళ్లో ఆగుతాడా, పెట్టుబడి పెట్టేవాడికి మా బజారు నచ్చుతుందా అని. మన ప్రశ్న అది కాదు కనుక ప్రశ్నపత్రం మనమే తయారుచేసుకోవాలి. కానీ అందులో ఒక అంశం నాకు విలువైనదిగా తోస్తుంది. చూసేవాళ్లూ చూడబడేవాళ్లూ సమానులు. ఈరోజు నేను నీ ఊరు చూస్తాను, రేపు నా ఊరిని ఇంకో చెల్లెలు చూస్తుంది.

మనకు తెలిసిన చాటు చూపులలో ఈ సమానత్వం లేదు. మారువేషంలో రాత్రిపూట వీధుల్లో తిరిగే రాజుల కథలు అందరం విన్నవే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) గురించి హైదరాబాద్‌లో అలాంటి కథలు ఎన్నో చెప్పుకుంటారు. మహబూబాబాద్ పేరు పలికినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొస్తాడు (ఊరివాళ్లకు మాత్రం అది ఎప్పటికీ మానుకోటే). ఆ కథల్లో చూసేది ఎప్పుడూ ఏలేవాడే. రాణి మారువేషంలో బజారు చూడబోయిన కథ నేనైతే వినలేదు. మన ఓరుగల్లు రుద్రమ రుద్రదేవ మహారాజునని శాసనాల్లో చెప్పుకున్నది కూడా ఏలడానికే.

ఇప్పటి రాజ్యానికీ మారువేషాలున్నాయి. 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో మొదలై 2015లో తెలంగాణ అంతటికీ విస్తరించిన షీ టీమ్‌లు మఫ్టీలో బస్టాండ్ల దగ్గర, కాలేజీల దగ్గర నిలబడతాయి. వేధించేవాణ్ని వీడియో తీసి పట్టుకుంటాయి, తల్లిదండ్రుల ముందు కౌన్సెలింగ్ ఇస్తాయి. వాటివల్ల మేలు జరగలేదని నేననను. కానీ ఆ చూపు నేరస్థుణ్ని వెతికే చూపు. అతను దొరకని రోజు ఆ ఊరు బాగున్నట్టే లెక్క. 2016లో 73 నగరాలతో మొదలై, 2018 నాటికి నాలుగు వేలకు పైగా పట్టణాలకు పాకిన స్వచ్ఛ సర్వేక్షణ్ పరిశీలకులు మరుగుదొడ్డి ఉందా, శుభ్రంగా ఉందా అని చూసి మార్కులు వేస్తారు. రాత్రి ఎనిమిది తర్వాత దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో, అడగడానికి ఎంతమంది మగవాళ్లను దాటుకుని వెళ్లాలో పగలు వచ్చి పోయే కళ్లకు కనిపించదు. పైగా ర్యాంకు కోసం తెల్లవారకముందే చీపురు పట్టేది ఆడవాళ్లు, అందులోనూ ఎక్కువమంది దళిత స్త్రీలు. ర్యాంకు వస్తే ఫొటోలో ఉండేది ఇంకెవరో.

మూడోది లింగనిర్ధారణ పరీక్షల మీద జరిపే డెకాయ్ ఆపరేషన్. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దీన్ని కోరినవాళ్లలో మనమూ ఉన్నాం. చట్టం 1994లో వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమలైంది, 2003లో సవరించారు. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 2001లో 961 ఉంటే 2011 నాటికి 939కి పడిపోయింది. స్కానింగ్ గదిలో నోటిమాటగా, సైగగా జరిగే నేరానికి కాగితాల్లో ఆధారం దొరకదు కాబట్టి, రోగిలా ఒక స్త్రీని పంపడం తప్ప వేరే దారి కనిపించలేదు. ఆ స్త్రీ నిజంగా గర్భిణి అయి ఉండాలి. తన కడుపులోని బిడ్డ ఆడదో మగదో చెప్పమని, తనకు ఇష్టంలేని ప్రశ్న తానే అడగాలి. ఆ తర్వాత సాక్షిగా కోర్టు వాయిదాలకు తిరగాలి, అప్పటికి చంకలో బిడ్డ ఉంటుంది. ఆమెకు ప్రయాణ ఖర్చు ఎవరిస్తారు, అత్తింటివాళ్లకు ఎవరు చెబుతారు, కేసు వీగిపోతే ఆమె పరిస్థితి ఏమిటి అని మన సమావేశాల్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం? మారువేషం ఊరికే రాదు, వేసినవాళ్లు మూల్యం చెల్లిస్తారు.

నిజనిర్ధారణ కమిటీలు మనకు బాగా అలవాటైన పద్ధతి. పేర్లు చెప్పుకుని, బహిరంగంగా వెళ్లి, బాధితులతో అధికారులతో మాట్లాడి నివేదిక వేస్తాం. పౌరహక్కుల ఉద్యమం నేర్పిన ఆ సంప్రదాయాన్ని వదులుకోవాలని ఎవరూ అనడం లేదు. అయితే ఏదో ఘోరం జరిగాకే మనం ఆ ఊరు వెళతాం. ఏమీ జరగని మంగళవారం నాడు ఆ ఊరు ఎలా ఉంటుందో మన నివేదికల్లో ఉండదు. స్త్రీల జీవితం ఎక్కువభాగం గడిచేది అలాంటి మంగళవారాల్లోనే.

ఇక అసలు చిక్కు. ఈ పద్ధతిని కనిపెట్టినవాళ్లు తలచుకోనిది, చిన్న పట్టణంలో ఒంటరి స్త్రీ చాటుగా ఉండడం దాదాపు అసాధ్యం. మగవాడు టీ కొట్టు ముందు రెండు గంటలు నిలబడితే అతను టీ తాగుతున్నట్టు. ఆడమనిషి పది నిమిషాలు నిలబడితే ఎవరికోసమో చూస్తున్నట్టు. ఈ మూడు పట్టణాల్లో ఒకదానిలో (పేరు అవసరం లేదు, మిగతా రెండూ భిన్నమని నేననుకోను) ఒక సాయంత్రం బస్సు కోసం ముప్పావుగంట కూర్చున్నాను. నలుగురు వచ్చి అడిగారు. వాళ్లలో ముగ్గురు మగవాళ్లు: "ఎవరింటికి వచ్చిండ్రు మేడం?" నాలుగో ఆమె జామపండ్ల గంప ముందు కూర్చున్న ముసలమ్మ: "ఏ ఊరు బిడ్డా, బస్సు దొరకలేదా?" ప్రశ్న ఒకటే అనిపిస్తుంది గానీ కాదు. మొదటి ప్రశ్నకు ఒక ఇంటి పేరో మగవాడి పేరో జవాబుగా చెప్పాలి. రెండోదానికి బస్సు పేరు చెబితే చాలు. ఆమె తన గంప పక్కకు జరిపి నాకు చోటిచ్చింది కూడా.

కాబట్టి మన బృందాలు దాక్కోలేకపోతే దిగులుపడనక్కర్లేదు. ఎంతసేపటికి పట్టుబడ్డారు, ఎవరు అడిగారు, ఏమని అడిగారు, జవాబు చెప్పకపోతే ఏమైంది అన్నదే మొదట రాయాల్సిన సంగతి. ఒక స్త్రీ ఎవరి కూతురో ఎవరి భార్యో చెప్పకుండా ఊరి నడిబొడ్డున ఎంతసేపు కూర్చోగలదో అది ఆ ఊరి కొలత. వీధిదీపాలు ఆ తర్వాత లెక్కపెట్టవచ్చు.

ఎవరు వెళ్లాలన్నది రెండో ప్రశ్న. అందరికీ ఊరు ఒకే ముఖం చూపించదు. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఎట్‌వెల్ ఒకే అర్హతలున్న ఉద్యోగ దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపి, దళిత పేర్లకూ ముస్లిం పేర్లకూ పిలుపులు తక్కువగా వస్తున్నాయని చూపించారు. కాగితం మీది పేరుకే అంత తేడా ఉంటే, కట్టూబొట్టూ మాటా తోడైతే చెప్పనక్కర్లేదు. మానుకోట చుట్టూ లంబాడీ తండాలున్నాయి. ఆస్పత్రి చీటీల కిటికీ దగ్గర నాలాంటి పట్నపు చీర కట్టుకున్న మనిషికి దొరికే జవాబు, అద్దాల రవికె వేసుకున్న పెద్ద వయసు లంబాడీ స్త్రీకి దొరికే జవాబు ఒకటేనా? ఆమె భాషలో ఒక్కరైనా మాట్లాడతారా? ఇది తెలియాలంటే బృందంలో ఇద్దరూ ఉండాలి. ఒక బురఖా వేసుకున్న చెల్లెలు కూడా ఉండాలి. ముగ్గురూ వేర్వేరుగా ఒకే కిటికీ దగ్గర ఒకే ప్రశ్న అడగాలి. పీహెచ్‌డీలు చేసినవాళ్లం ముగ్గురం వెళ్లి ఒకే అభిప్రాయంతో తిరిగొస్తే చార్జీలు దండగ.

చార్జీలంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం. దాన్ని ఎగతాళి చేసినవాళ్ల మాటలు మనం చాలా విన్నాం. నేను మాత్రం దీన్ని ఊళ్ల స్వరూపాన్ని మార్చగలిగిన విషయంగా చూస్తున్నాను. బస్సు స్త్రీలను ఊళ్లోకి తెస్తోంది. తెచ్చాక కూర్చోవడానికి నీడ, బాలింతకు చాటు, మరుగుదొడ్డి, మంచినీళ్లు, రాత్రి చివరి బస్సు తప్పిపోతే ఉండడానికి చోటు ఉన్నాయా? ఈ మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు అన్నీ వరంగల్ జిల్లాలోనివే. ఆఫీసులు దగ్గరకొచ్చాయన్నది నిజమే. కానీ చాలా జిల్లాల్లో కొత్త సమీకృత కలెక్టరేట్లు ఊరి బయట కట్టారు. ఉచిత బస్సు దిగాక అక్కడిదాకా ఆటోకు ఎంత ఇచ్చారో, తిరుగు ఆటో దొరికిందో లేదో రాయండి. భూపాలపల్లికి రైలు లేదు, సింగరేణి షిఫ్టుల ప్రకారం నడిచే ఊరు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి రానివ్వలేదు, 2019లో షరతులతో సడలించారు. షిఫ్టు మారే వేళ అక్కడి హోటళ్లలో కూర్చుని టీ తాగే ఆడవాళ్లు కనిపిస్తారేమో చూడండి.

బస్టాండులో పదిమందిని "సఖి కేంద్రం ఎక్కడ?" అని అడగండి. ఎంతమందికి తెలుసో, అడిగినందుకు మీ ముఖంలోకి ఎలా చూశారో రాయండి. 181 నంబరు ఎక్కడైనా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉందేమో చూడండి. కలెక్టరేట్‌లో, 2013 లైంగిక వేధింపుల చట్టం ప్రకారం జిల్లాలో ఉండాల్సిన స్థానిక కమిటీకి అధ్యక్షురాలు ఎవరని అడగండి. ఇవేవీ అబద్ధాలు చెప్పకుండా అడగగలిగిన ప్రశ్నలు. అంతకుమించి పోవద్దని నా విన్నపం. బాధితురాలిలా నటిస్తూ సఖి కేంద్రానికి ఎవరూ వెళ్లకూడదు. అక్కడి కౌన్సెలర్ సమయం నిజంగా దెబ్బలు తిన్న ఒక స్త్రీకి చెందాల్సింది. హెల్ప్‌లైన్‌కు పరీక్ష కోసం ఫోన్ చేయడం కూడా అలాంటిదే. గర్భిణుల్ని డెకాయ్‌గా పంపే పని మన బృందాలది కాదు.

కింది ఉద్యోగుల పేర్లు రాయవద్దు. ఆకస్మిక తనిఖీ అంటే మన దగ్గర చివరికి శిక్షపడేది ఆయాకో, స్వీపర్‌కో, ఏఎన్ఎంకో. గది లేని చోట వసతి ఎందుకు లేదని ఆయాను నిలదీయడం మన పని కాదు. కిటికీ దగ్గర ఎవరు విసుక్కున్నారన్నది రాయండి గానీ, ఆ రోజు ఆ ఒక్క కిటికీ ముందు ఎంతమంది వరుసలో ఉన్నారో కూడా రాయండి.

నివేదిక మొదట ఆ ఊరి మహిళా సంఘం చేతికి వెళ్లాలి, ఆ తర్వాతే కలెక్టర్‌కైనా ఈ పత్రికకైనా. వాళ్ల సమావేశంలో చదివి వినిపించాలి. "ఒక్కపూట వచ్చి మా ఊరి గురించి చెప్పేదానివా?" అని వాళ్లు కోప్పడవచ్చు. ఆ కోపాన్నీ నివేదికలో చేర్చండి. సరిదిద్దాల్సింది వాళ్లు సరిదిద్దుతారు.

ప్రశ్నపత్రం ఈ సంచికతో పాటు జతచేస్తున్నాం, ఒక్క పేజీయే. భూపాలపల్లి బృందం జనగామకు రావడానికి హనుమకొండలో బస్సు మారాల్సి రావచ్చు. చీకటి పడేదాకా ఉంటే అదేరోజు తిరిగి ఇల్లు చేరడం కష్టం. ముందు లాడ్జిలో గది అడగండి. తోడు లేని స్త్రీకి గది ఇచ్చారా, ఇవ్వకపోతే ఏ కారణం చెప్పారు అన్నది పదకొండో ప్రశ్న. గది దొరకకపోతే పడుకోవడానికి మూడు ఊళ్లలోనూ మన సభ్యుల ఇళ్లు చూసి పెట్టాం, ఫోన్ నంబర్లు బయలుదేరే ముందు బృందాలకు ఇస్తాం.