ఒక్కపూట గొడుగు

రాత్రంతా వాన కురిసి వెలిసిందా... తెల్లారేసరికి పచ్చికలో బుల్లి బుల్లి బూడిదరంగు గొడుగులు విచ్చుకుని ఉంటాయి. నిన్న సాయంత్రం జాడే లేదు. మధ్యాహ్నం వెళ్లి చూస్తే వాడి వాలిపోయి ఉంటాయి. కుక్కగొడుగులేలే అని దాటిపోతాం కానీ, ఫలానాదని పేరు చెప్పమంటే నిపుణులూ తటపటాయిస్తారు. పచ్చికలో పెరిగే బూడిదరంగు పుట్టగొడుగులు ఒకటీ రెండూ రకాలు కాదు మరి!

వాటిలో కాస్త తేలిగ్గా దొరికిపోయేది పారాసోలా ప్లికాటిలిస్. యూరప్ పచ్చికల్లో ఇది మరీ మామూలు. రెండు మూడు సెంటీమీటర్ల టోపీ, ఉల్లిపొరంత పల్చన. నడినెత్తిన గోధుమరంగు చుక్క, అక్కణ్నుంచి అంచుదాకా చీర కుచ్చిళ్లలాంటి మడతలు. అసలు గుర్తు మాత్రం తిరగేసి చూస్తేనే కనిపిస్తుంది. టోపీ కింద వరసగా ఉండే రేకులు కాడను తాకవు. కాడ చుట్టూ చిన్న కాలరులాంటిది ఉంటుంది, రేకులన్నీ దానికే అతుక్కుంటాయి. పాత పుస్తకాల్లో దీని ఇంటిపేరు కోప్రినస్. డీఎన్‌ఏ పరీక్షలయ్యాక 2001లో శాస్త్రవేత్తలు వేరు కాపురం పెట్టించి, పారాసోలా అన్నారు. ఎండగొడుగని అర్థం. మనవాళ్లు ఏ పరీక్షలూ లేకుండానే పెట్టేసిన పేరు!

కంటికి తేలకపోతే కాగితం ఉంది. కాడ తీసేసి, తాజా టోపీని రేకులు కిందికి ఉండేలా కాగితంమీద పెట్టి గాజుగ్లాసు బోర్లించాలి. కాగితం సగం తెలుపు, సగం నలుపు అయితే మేలు. మర్నాటికి సిద్ధబీజాలు రాలి ముద్ర పడుతుంది. ప్లికాటిలిస్‌ది నల్లముద్ర. ఇంచుమించు అలాగే ఉండే మైసీనాలది తెలుపు. గులాబీ ఛాయ పడితే ఎంటలోమా కావచ్చు, వాటిలో విషపూరితాలున్నాయి. పానయోలస్‌దీ నల్లముద్రే, కాకపోతే దాని టోపీకి కుచ్చిళ్లుండవు.

అన్నట్టు, ముద్ర రకాన్ని పట్టిస్తుందే కానీ తినొచ్చని చెప్పదు. వెండి చెంచా నల్లబడితే విషమనీ, పురుగులు తింటే మంచిదనీ అనేవన్నీ ఒట్టి మాటలు. కొన్ని అమానిటాల విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న ఆరు గంటల తర్వాతగానీ, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగాగానీ వాంతులు మొదలవవు. మధ్యలో తగ్గినట్టే ఉండి కాలేయం దెబ్బతింటుంది. అందుకే పిల్లలెవరైనా ఆడుకుంటూ నోట్లో పెట్టుకుంటే, ఏమవుతుందో చూద్దామని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగిలిన ముక్కతోపాటు, పక్కన అలాంటిదే ఉంటే మొదలుతో సహా పెకలించి, కాగితంలో పొట్లం కట్టి పట్టుకెళ్లాలి. ప్లాస్టిక్ కవరులో వేస్తే చెమ్మకు కుళ్లిపోయి, గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు.